ఆస్ట్రేలియా యాత్రకు ముందు చూసుకోవలసింది ఋతువులు

ఆస్ట్రేలియా యాత్రకు ప్రణాళిక వేసుకునేవారు అన్నిటికంటే ముందు ఋతువులను చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్ల ఆ దేశంలో డిసెంబరు, జనవరి నెలలు వేసవి కాబట్టి మెల్‌బోర్న్, టాస్మేనియా వంటి దక్షిణ ప్రాంతాలకు అవి అనువైనవే గానీ, అవే రోజులలో ఉత్తరాన డార్విన్ పరిసరాలలో వానలు ముమ్మరంగా కురుస్తాయి, కకాడు జాతీయ ఉద్యానవనంలో వరద నీటివల్ల కొన్ని దారులు మూసివేస్తారు, నడిమధ్యనున్న ఉలూరు అనే మహాశిల వద్ద ఎండ తరచుగా 40 డిగ్రీలకు చేరుతుంది. ఉత్తరాన్నీ ఎడారినీ చూడదలచినవారికి మే నుండి సెప్టెంబరు వరకు ఉండే పొడికాలమే సరైనది. ఆ నెలలలో దక్షిణ ప్రాంతాలలో ఉండే చలిని మాత్రం ఓర్చుకోవాలి.

దూరాల విషయంలో పటాన్ని చూసి అంచనా వేయడం ప్రమాదకరం. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం నుండి ఉలూరుకు, రెండూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపించినా, రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు ప్రయాణించాలి. అందుకే ఉలూరు వద్ద కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోవాలి. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రమైన ఆ శిలను ఎక్కడాన్ని 2019 అక్టోబరులో శాశ్వతంగా నిషేధించారు, అది ఎంతో న్యాయమైన నిర్ణయం. దాని చుట్టూ ఉన్న సుమారు పది కిలోమీటర్ల బాటలో తెల్లవారుజామున నడవడం ఎక్కడంకంటే గొప్ప అనుభవం.

వ్యవధి తక్కువైతే సిడ్నీ, పెర్త్ రెండింటినీ కలపవద్దు. వాటి మధ్య విమానానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది.