నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా అక్కా?

మంగళవారం, రాత్రి పదిన్నర

ఈ రోజు ఆఫీసులో విశేషమేమీ లేదు. సర్వర్లు పడిపోలేదు, ఎవరూ ఎవరి మీదా కోప్పడలేదు. అయినా మధ్యాహ్నం నుంచి ఒక ప్రశ్న మనసును వదలడం లేదు. రాసుకుంటే గాని నిద్ర పట్టేలా లేదు.

పొద్దున పదకొండింటికి సమావేశం. కొత్తగా కట్టబోయే సర్వీసును మేమిప్పుడు వాడుతున్న ప్రోగ్రామింగ్ భాష ఎర్లాంగ్‌లో కాకుండా జావాలో రాయాలని తేల్చారు. ఇప్పుడున్న ఎర్లాంగ్ కోడ్‌లో లోపముందని ఎవరూ అనలేదు. "మనుషులు దొరకడం లేదు" అన్నారు, అంతే. ఆరు నెలలుగా మా బృందంలో ఒక పోస్టు ఖాళీగా ఉన్నమాట నిజమే. ఎర్లాంగ్ వచ్చినవాళ్లు లేరని కంపెనీలు దాన్ని వాడవు, వాడే కంపెనీలు లేవని పిల్లలు దాన్ని నేర్చుకోరు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

ఆ సమావేశంలో వెనక కుర్చీలో కూర్చుని ఒక అమ్మాయి అన్నీ రాసుకుంది. కాలేజీ ముగించి రెండు వారాల కిందటే మా దగ్గర చేరింది. భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి, "అక్కా, అరగంటగా చూస్తున్నాను, తప్పెక్కడో తెలియడం లేదు" అంది.

వెళ్లి చూశాను. మూడు భాగాలుగా రాసిన చిన్న ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క. మూడో భాగం చివర చుక్క పెట్టాల్సిన చోట సెమికోలన్ పెట్టింది. ఎర్లాంగ్‌లో కామా అంటే "ఆ తర్వాత ఇది", సెమికోలన్ అంటే "లేదా ఇలా", చుక్క అంటే "ఇక్కడితో సరి". అది ప్రోలాగ్ అనే పాత భాష నుంచి వచ్చిన పద్ధతి. ఎర్లాంగ్ తొలి రూపాన్ని ప్రోలాగ్‌లోనే రాశారు మరి. చుక్క లేకపోవడంతో కింద ఉన్న వేరే ఫంక్షన్‌ను కూడా కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) దీనిలో భాగమే అనుకుంది, పేర్లు కలవడం లేదని ఆ కింది ఫంక్షన్ మీద తప్పు మోపింది. పాపం, ఏ తప్పూ లేని ఆ ఫంక్షన్‌నే ఈ పిల్ల అరగంటసేపు దిద్దుతూ కూర్చుంది. కొత్త వెర్షన్లయితే "ఆ సెమికోలన్ అనవసరమా?" అని అడుగుతాయి. మా ప్రాజెక్టు ఇంకా పాత వెర్షన్ మీదే నడుస్తోంది.

చుక్క పెట్టగానే కోడ్ నడిచింది. ఆమె ముఖంలో సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "అక్కా, ఇది నేర్చుకుంటే రేపు నాకు ఇంకోచోట ఉద్యోగం దొరుకుతుందా?"

ఇన్నేళ్లుగా ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను కొన్నప్పుడు ఆ సంస్థకు 45 కోట్ల మంది వాడుకరులు, ఇంజినీర్లు 32 మంది. సర్వర్లు ఎర్లాంగ్‌లో రాసినవి. ఒకే సర్వర్ మీద ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లు నిలబెట్టామని 2012లోనే వాళ్లు చెప్పారు. ఈ అంకెలు చెబితే ఎవరైనా ఆశ్చర్యపోతారు. ఈ రోజూ నోటిదాకా వచ్చాయి. కానీ ఎదురుగా ఉన్న పిల్ల ముఖం చూశాక ఆ అంకెలు నాకే వేరుగా వినిపించాయి. పని అంతటికీ 32 మంది చాలితే, ఉద్యోగాలు ఎన్ని ఉంటాయి? కొద్దిమందితో కొండంత పని నడిపించడం ఈ భాష గొప్పతనం. ఉద్యోగాల లెక్కకు వచ్చేసరికి ఆ గొప్పతనమే దీనికి అడ్డు. మేమంతా గర్వంగా చెప్పుకున్న మాటలో బతుకుతెరువు వెతుక్కునే వాళ్లకు చోటు లేదు.

పుట్టినింట్లోనే ఎర్లాంగ్‌కు ఈ కష్టం తప్పలేదు. 1986లో స్వీడన్‌లో ఎరిక్సన్ ప్రయోగశాలలో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం జో ఆర్మ్‌స్ట్రాంగ్ మొదలుపెట్టిన పని ఇది. రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ ఆయనతో కలిశారు. 1998లో ఎరిక్సన్ రేడియో విభాగం కొత్త ఉత్పత్తుల్లో దీన్ని వాడకూడదంది. ఊరంతా వాడే భాషలు వాడితే మేలని వాళ్ల ఆలోచన. మా సమావేశంలో పొద్దున విన్నదీ దాదాపు అదే. ఆ డిసెంబరులోనే ఎర్లాంగ్‌ను అందరికీ ఉచితంగా వదిలారు. అలా వదలబట్టే అది నా చేతిదాకా వచ్చింది.

ఎలిక్సిర్ అనే భాష సంగతి కూడా తలచుకోకుండా ఉండలేకపోయాను. జోసే వాలిమ్ దాన్ని ఎర్లాంగ్ కోడ్‌ను నడిపే వర్చువల్ యంత్రం మీదే కట్టాడు. లోపలి ఇంజిన్ అదే, గుమ్మం మాత్రం మార్చాడు. రాత రూబీ అనే భాషను పోలి ఉంటుంది, డాక్యుమెంటేషన్‌ను కోడ్‌తో సమానంగా చూస్తారు. ఎర్లాంగ్ జోలికి రాని ఎంతోమంది ఆ గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. ఆ పని ముందే ఎర్లాంగ్ వాళ్లం మేము చేసి ఉండాల్సింది. "కష్టపడితే అదే వస్తుంది" అని నేను కూడా కొత్తవాళ్లతో అన్నాను. అనకూడని మాట అది.

ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎర్లాంగ్ పేరుతో ఉద్యోగాలు తక్కువే, ఎలిక్సిర్‌తో కలిపి చూసుకో, జావా వదలవద్దు అన్నాను. తర్వాత ఆదేశాలు టైపు చేసే షెల్ తెరిచి, నడుస్తున్న ఒక ప్రాసెస్‌ను (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే చిన్న పనిని) ఆమె చేతే చంపించాను. పేరు పెట్టి మళ్లీ వెతికితే అదే ప్రాసెస్ వేరే నంబరుతో బతికి ఉంది. పడిపోయిన ప్రాసెస్‌లను మళ్లీ లేపే సూపర్‌వైజర్ దాన్ని ఎప్పుడు లేపిందో మా కంటికే కనిపించలేదు. మళ్లీ చంపింది. ఇంకో నంబరు. నంబర్లన్నీ వరసగా నోటుబుక్కులో రాసుకుని, "జావాలో రాసే కొత్త సర్వీసులో ఇది ఎలా చేస్తాం అక్కా?" అని అడిగింది. మొదటి ప్రశ్న కంటే ఇది ఎక్కువ నచ్చింది నాకు. దాని మీద ఐదున్నర దాకా మాట్లాడుకున్నాం.

ఇంటికి వస్తూ అమీర్‌పేటలో మెట్రో మారాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద జావా, పైథాన్, డేటా సైన్స్. ఎర్లాంగ్ అన్న మాట ఆ వీధుల్లో నేనెన్నడూ చూడలేదు. నేర్పే చోటే లేనప్పుడు వచ్చినవాళ్లు లేరని బాధపడి ఏం లాభం?

వంటయ్యాక కూర్చుని తెలుగులో ఒక పేజీ రాశాను. కామా, సెమికోలన్, చుక్క: ఈ మూడే. ఉదాహరణగా ఈ రోజు ఆమె చేసిన తప్పే పెట్టాను, కంపైలర్ ఏ వరసను చూపించింది, అసలు తప్పు ఏ వరసలో ఉంది అన్న వివరంతో సహా. రేపు భోజనాలయ్యాక ఇస్తాను. ఎక్కడ అర్థం కాలేదో పెన్సిలుతో గీత పెట్టమంటాను.