చిన్న టార్చిలైటుకు ఏ సెల్లు వెయ్యాలి?

డ్రాయర్లో ఆరునెలలు పడున్న టార్చి వెలగకపోతే బల్బు పోయిందనుకుంటాం. వెనక మూత తిప్పి చూడండి. స్ప్రింగు మీద తెల్లగా, ఉప్పు పేరుకున్నట్టు పొడి కనిపిస్తే ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. లోపలుండే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొచ్చి స్ప్రింగును తినేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, దూదిపుల్లని వెనిగర్లోగాని నిమ్మరసంలోగాని ముంచి రుద్దండి. సన్నగా బుడగలొస్తాయి. అవి ఆగాక తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాకే కొత్త సెల్లు వెయ్యాలి. స్ప్రింగు లోహం నల్లబడి గుంటలు పడితే ఇక ఆశ లేదు.

అందుకే రోజూ వాడే టార్చికి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్లే వెయ్యమంటాను. "అది 1.2 వోల్టులే కదా, వెలుగు తగ్గదా?" అని చాలామంది సందేహపడతారు. ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలైనా, టార్చి గట్టిగా కరెంటు లాగేసరికి వోల్టేజి జారుతూనే ఉంటుంది. రీచార్జబుల్ మాత్రం దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలబడి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి వెలుగు నిలకడగా ఉంటుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద "లో సెల్ఫ్ డిశ్చార్జ్" అని ఉందా చూడండి. అవి ఏడాది పక్కన పెట్టినా చార్జిలో ఎక్కువ భాగం నిలుపుకుంటాయి, మామూలువి కొన్ని వారాల్లోనే చాలా పోగొట్టుకుంటాయి. డబుల్ ఏ సైజులో 1,900 నుంచి 2,000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) చాలు. 3,000 అని అచ్చేసిన రీచార్జబుల్ సెల్లు చూస్తే మాత్రం వదిలేయండి, ఈ రకంలో ఆ సైజుకి అంత పట్టదు.

మూడు ట్రిపుల్ ఏ సెల్లు పట్టే టార్చిల్లో ఇంకో చిక్కుంది. రెండు కొత్తవి, ఒకటి పాతది వేస్తే పాతది ముందే ఖాళీ అవుతుంది. మిగతా రెండూ దానిగుండా కరెంటు నెట్టి దాని వోల్టేజిని తిరగబడేలా (ప్లస్సు, మైనస్సు తారుమారయ్యేలా) చేస్తాయి, అది కారిపోతుంది. మూడూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి ఉండాలి. మార్చినప్పుడు మూడూ మార్చాలి.

కారులోనో, ఎమర్జెన్సీ బ్యాగులోనో పెట్టి మరిచిపోయే టార్చికి చార్జి చెయ్యని 1.5 వోల్టుల లిథియం సెల్ సరైనది. తేలిగ్గా ఉంటుంది, చలికి తట్టుకుంటుంది, కారడం చాలా అరుదు. కాకపోతే కొత్తది 1.8 వోల్టుల దాకా చూపిస్తుంది. మూడు వేస్తే 5.4 అవుతుంది, వోల్టేజిని అదుపు చేసే సర్క్యూట్ లేని చవక టార్చిలో ఎల్‌ఈడీ మాడిపోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదం 14500 సెల్. చూడ్డానికి అచ్చం డబుల్ ఏలానే ఉంటుంది, సరిగ్గా పట్టేస్తుంది కూడా. కానీ అది లిథియం అయాన్ అనే వేరే రకం రీచార్జబుల్ సెల్. నిండా చార్జయితే 4.2 వోల్టులు. 1.5 వోల్టుల టార్చిలో వేస్తే క్షణాల్లో సర్క్యూట్ పోవచ్చు. టార్చి కాగితంలో 14500 అని రాసుంటేనే వెయ్యండి, చార్జి కూడా లిథియం అయాన్ చార్జరుతోనే చెయ్యాలి. పొట్టిగా ఉండే 16340, సీఆర్123ఏ సెల్లదీ ఇదే కథ: సైజు దాదాపు ఒకటే, మొదటిది లిథియం అయాన్, 4.2 వోల్టుల దాకా వెళ్తుంది, రెండోది చార్జి చెయ్యని లిథియం, 3 వోల్టులే.

బటన్ నొక్కే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న టార్చి ఆఫ్‌లో ఉన్నా కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. వాడనప్పుడు వెనక మూతని పావు చుట్టు వదులు చేయండి. మరలకి రంగుపూత ఉన్న టార్చిల్లో దాంతో కరెంటు తెగిపోతుంది. మర మెరిసే ఉత్త లోహమైతే వదులు చేసినా లాభం లేదు, సెల్ తీసి విడిగా పెట్టాల్సిందే.