సరైన జవాబు ఇచ్చి కూడా ఆదుకోనివాళ్లు: ఒక డీటీపీ అనుభవం

ఆన్‌లైన్‌లో సాంకేతిక సాయం అడిగితే ఎదురయ్యే దురుసుతనం అనగానే అందరికీ తిట్లే గుర్తొస్తాయి. నన్ను మాత్రం తిట్టినవాళ్లకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే మనిషి. సరైన జవాబే నా ముందు పడేసి, అది నాకెలా పనికొస్తుందో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోయారు. అదెలా జరిగిందో రాస్తున్నాను. తెలుగులో పేజీలు కట్టేవాళ్లకు అసలు సమస్యకు పరిష్కారం కూడా ఇందులోనే దొరుకుతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, మధ్యమధ్యలో పుస్తకాలు. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, ‘అను’ అనే పేరున్న పాత తెలుగు ఫాంట్లతోనే పని నడిచింది. డిసెంబరు వచ్చిందంటే మాకు ఊపిరాడదు. జనవరి మొదట్లో పుస్తకాల పండుగ మొదలయ్యేసరికి తన పుస్తకం స్టాల్లో ఉండాలని ప్రతి రచయితా పట్టుబడతారు. అలాంటి డిసెంబరులో తెనాలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన వ్యాసాలు పట్టుకుని వచ్చారు. అచ్చు పుస్తకంతో పాటు ఈ-బుక్ కూడా కావాలన్నారు. అంటే ప్రతి అక్షరానికీ ఏ పరికరంలోనైనా ఒకే సంకేతం ఉండే యూనికోడ్‌లో చేయాల్సిందే. అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. కాగితం మీద చక్కగానే కనబడతాయి కానీ అదే ఫైలును ఫోన్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి.

కొత్త లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మాస్టారి మొదటి పేజీ పేస్ట్ చేయగానే ‘శ్రీ’ విడిపోయింది. శకారం పొల్లుతో విడిగా, పక్కన ర, దానికి సరిగా అతకని గుడి దీర్ఘం. ‘క్ష’ కూడా అంతే, ‘స్త్రీ’ సంగతి చెప్పనక్కర్లేదు. మాస్టారు స్క్రీన్ వంక చూసి, “ఏం బాబూ, నా పుస్తకంలో ఒత్తులన్నీ రాలిపోయాయే!” అన్నారు. ఆయన ముఖం చూస్తే నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

ఎవరినైనా అడిగే ముందు సమస్యను ఎంత చిన్నది చేయగలనో అంత చిన్నది చేశాను. పుస్తకమంతా పక్కన పెట్టి కొత్త ఫైలు తెరిచి, అందులో ‘శ్రీ’ అనే ఒక్క మాటే టైప్ చేశాను. అప్పుడూ విడిపోయింది. మండలి ఫాంట్ తీసి నోటో సాన్స్ తెలుగు పెట్టినా మార్పు లేదు. అవే ఫాంట్లతో వర్డ్ ప్రాసెసర్‌లో అదే మాట సరిగ్గా వచ్చింది. కాబట్టి ఫాంట్లు బాగున్నాయి, టైపింగ్ బాగుంది, తేడా అంతా లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నా దృష్టిలో సాయం అడిగేవాళ్లు పాటించాల్సిన మర్యాద ఇదే. మనం చేయగలిగిన వెతుకులాట మనమే చేసి, మిగిలినది ఎదుటివాళ్ల ముందు పెట్టాలి. వాళ్లు జీతానికి కూర్చున్నవాళ్లు కారు, సొంత పని మానుకుని మన ప్రశ్న చదువుతారు.

మొదట ఒక తెలుగు గ్రూప్‌లో అడిగాను. మన గ్రూపుల్లో ఆప్యాయతకు లోటు లేదు. అన్నా అంటారు, సార్ అంటారు, దండాలు పెడతారు. ప్రశ్నలో మాత్రం వివరం ఉండదు. “అర్జెంట్ సార్, ఫాంట్ రావట్లేదు, హెల్ప్ చేయండి” అని రాసి, మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెడతారు. ఆ ఫొటోలో గీతలు తప్ప ఇంకేమీ కనబడదు. ఏ సాఫ్ట్‌వేరో, ఏ వెర్షనో, ఏ ఫాంటో ఉండదు. జవాబులూ అలాగే ఉంటాయి. నా వివరాలన్నీ చదివిన ఒకాయన “నంబర్ పెట్టండి సార్, ఫోన్ చేస్తా” అన్నారు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ ఫోన్‌లో చెప్పింది నాకొక్కడికే తెలుస్తుంది. నెల తర్వాత అదే తిప్పలు పడే గుంటూరు ఆపరేటర్‌కు ఏమీ దొరకదు, అతను మళ్లీ మొదటి నుంచి అడుక్కోవాలి. ఇంకొకరు స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమన్నారు. ముక్కూముఖం తెలియని మనిషికి కంప్యూటర్ అప్పగించవద్దని మా షాపులో కుర్రాళ్లకు గట్టిగా చెప్పి ఉంచాను. డబ్బులు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం కంటే ముందే ఆగడం మేలు. మూడో ఆయన “ఇది కూడా తెలియకుండా షాపెందుకు పెట్టారు?” అని రాసి రెండు నవ్వు బొమ్మలు తగిలించారు.

మా ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో “ఏంట్రా, ఇది కూడా తెలీదా?” అనేది రోజూ వినే మాటే. ఎదురుగా నిలబడి, టీ గ్లాసు చేతికిస్తూ అంటే అందులో చనువు ఉంటుంది, మరుక్షణమే చేయి పట్టుకుని చూపిస్తారు కూడా. అదే మాట టైప్ చేసినప్పుడు ముఖం కనబడదు, టీ ఉండదు, చూపించడమూ ఉండదు. ఎత్తిపొడుపు ఒక్కటే మిగులుతుంది.

తర్వాత ఇంగ్లిష్‌లో సాయం అందించే ఒక పెద్ద సైటులో పెట్టాను. చేసి చూసినవన్నీ రాశాను, ఏ మాటలతో వెతికానో రాశాను, సరైన స్క్రీన్‌షాట్ జత చేశాను. కాసేపట్లోనే ప్రశ్న మూసేశారు. “దీనికి ముందే జవాబుంది” అని ఒక లింకు, కింద “అడిగే ముందు వెతకడం నేర్చుకోండి” అని వ్యాఖ్య. లింకు తెరిస్తే అది అరబిక్ గురించి! అక్షరాలు ఒకదానితో ఒకటి కలవడం లేదని, వాక్యం కుడి నుంచి ఎడమకు రావడం లేదని ఎవరో అడిగిన పాత ప్రశ్న. నా ప్రశ్నను చదవనే లేదనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మా షాపులో పనిచేసే కుర్రాడికి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. “అన్నా, క్యాపిటల్ లెటర్స్‌లో గట్టిగా ఇచ్చిపడేద్దాం” అన్నాడు. వద్దురా, రేపు చూద్దాం అన్నాను. ఈ రెండు విషయాలూ ఇంటర్నెట్ తొలి రోజుల నుంచీ చెబుతున్నవే. 1995 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే నెట్ మర్యాదల పత్రంలో, అన్నీ పెద్ద అక్షరాల్లో రాస్తే అరిచినట్టు ఉంటుందనీ, ఆవేశంలో ఇవ్వాలనుకున్న జవాబును ఒక రాత్రి ఆపి పంపమనీ ఉంది. కుర్రాడు వినలేదు. “పెద్ద పెద్ద ప్రోగ్రామర్లే బూతులు తిడతారంట కదన్నా, అక్కడ అదే మామూలేమో” అన్నాడు. నిజమే, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌కు ఆ పేరు చాలాకాలం ఉంది. కానీ 2018 సెప్టెంబరులో ఆయనే తన మాటతీరుకు క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పని నుంచి పక్కకు తప్పుకున్నారు. ఆ నెలలోనే కెర్నెల్ ప్రాజెక్టుకు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. తెలివైనవాళ్లకు దురుసుతనం హక్కు అనే మాటను నేను ఎప్పటికీ ఒప్పుకోను.

మర్నాడు పొద్దున సైటు తెరిస్తే నా ప్రశ్న కింద కొత్త వ్యాఖ్య ఉంది. మలయాళంలో పుస్తకాలు కట్టే ఒకరు రాశారు: “లింకు అరబిక్ గురించే అయినా మీకూ అదే సెట్టింగ్ పనిచేస్తుంది. పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి, జస్టిఫికేషన్‌లో కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చండి.” అంతే, ఇంకేమీ లేదు. కంపోజర్ అంటే అక్షరాలను లైన్లుగా కూర్చే సాఫ్ట్‌వేర్ భాగం. మార్చాను. ‘శ్రీ’ కలిసింది. ‘స్త్రీ’ కలిసింది. కుర్రాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సంగతేమిటంటే, మామూలు కంపోజర్‌కు ఇంగ్లిష్ లెక్కే తెలుసు, ఒక సంకేతానికి ఒక ఆకారం. యూనికోడ్‌లో ‘శ్రీ’ అంటే నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి ఏ ఆకారం చూపించాలో చెప్పే నియమాలు ఫాంటులోనే ఉంటాయి. ఆ నియమాలను అమలు చేసేది వరల్డ్ రెడీ కంపోజర్. అరబిక్‌లోనూ పక్క అక్షరాన్ని బట్టి ఆకారం మారుతుంది కాబట్టి మందు ఒకటే. మార్పును ఒక్క పేరాకు కాకుండా స్టైల్‌లోనే చేయాలి, అప్పుడే ఆ స్టైల్ వాడిన పేరాలన్నీ మారతాయి. కంపోజర్ మారితే లైన్లు తెగే చోట్లు కూడా మారతాయి. మాకు ప్రూఫులు మళ్లీ తీయాల్సి వచ్చింది, విషయసూచికలో పేజీ నంబర్లు సరిచేయాల్సి వచ్చింది.

అంటే ప్రశ్న మూసేసిన మనిషి చెప్పిన జవాబు తప్పు కాదు. నాకు బాధ కలిగించింది కూడా అదే. మలయాళం వ్యక్తి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆ జవాబుకూ నా అవసరానికీ మధ్య ఉన్న దూరాన్ని రెండు వాక్యాలతో పూడ్చారు. విషయం తెలిసినవాళ్లకు ఆ దూరం కనబడదు, తెలియనివాళ్లు దాటలేరు. ముక్కుసూటిగా, పొడిగా చెప్పినా నాకు అభ్యంతరం లేదు, పలకరింపులు కూడా అక్కర్లేదు. కానీ వెతకడం నేర్చుకోమని రాయడానికి పట్టిన సమయంలోనే “తెలుగుకూ ఇదే వర్తిస్తుంది” అని రాయవచ్చు. చులకనగా మాట్లాడటానికీ సాయం చేయడానికీ పట్టే శ్రమ ఒకటే అయినప్పుడు మొదటిదాన్ని ఎంచుకోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఆ మలయాళం వ్యక్తికి కృతజ్ఞతలు చెప్పి, పని అయిందని, స్టైల్‌లో ఎక్కడ మార్చానో స్క్రీన్‌షాట్‌తో సహా రాశాను. తెలుగు గ్రూప్‌లో కూడా మొత్తం తెలుగులో పెట్టాను. షాపెందుకు పెట్టారని అడిగినాయన దాన్ని దాచుకున్నానని బదులిచ్చారు. సంతోషమండీ అన్నాను. మాస్టారి పుస్తకం పండుగకు అందింది.

కొన్నాళ్లకు అదే గ్రూప్‌లో గుంటూరు నుంచి ఒక కుర్రాడు “పెళ్లికొడుకు పేరు తప్పొస్తోంది, అర్జెంట్ అన్నా” అని పెట్టాడు. ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయి, క ఒత్తుగా మారి జ కింద చేరింది. ముందు తెలుగు నేర్చుకో తమ్ముడూ అని అప్పటికే ఒకరు అనేశారు. నేను ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నావని అడిగాను, మేం వాడేదే. “‘జ్’ తర్వాత కర్సర్ పెట్టి, స్పెషల్ క్యారెక్టర్స్ మెనూలో నాన్ జాయినర్ ఎంచుకో తమ్ముడూ. పొల్లు తర్వాత అక్షరం కింద చేరకుండా అది ఆపుతుంది. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ లాంటి మాటలకూ ఇంతే” అని రాశాను. సాయంత్రానికి ముందూ తర్వాతా ఎలా ఉందో రెండు బొమ్మలు పెట్టి, ఏం మార్చాడో తనే నాలుగు లైన్లు రాశాడు. దాని కింద నరసరావుపేట నుంచి ఒకరు ఫోన్ కీబోర్డులో ఇది ఎక్కడుంటుందని అడిగారు, ఫోన్ మోడల్, కీబోర్డు పేరుతో సహా.