డాబా స్లాబుపై ఉష్ణనిరోధక పొర: ఎంత మందం చాలు?

విజయవాడ, ఖమ్మం, రామగుండం వంటి ఊళ్లలో పై అంతస్తులో ఉండేవారికి మే నెల బాధ మధ్యాహ్నం కంటే రాత్రి పూటే ఎక్కువగా తెలుస్తుంది. పగలంతా ఎండను పీల్చుకున్న స్లాబు, పొద్దుగూకిన తరువాత కూడా చాలాసేపు ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. అందుకే ఉష్ణనిరోధక పొరను గది లోపల సీలింగుకు కాక స్లాబు పైన వేయించడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు స్లాబే ఎండకు కాగదు, పగలూ రాత్రీ వ్యాకోచించి సంకోచించి పగుళ్లు తీయడమూ తగ్గుతుంది.

మందం విషయానికి వస్తే, లెక్క కష్టమైనదేమీ కాదు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పేదే యూ విలువ. 5 అంగుళాల ఒట్టి స్లాబుకు అది సుమారు 3.5. దానిపై 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి ఫోమ్) పలక పరిస్తే దాదాపు 1కి, 50 వేస్తే 0.57కి, 75 వేస్తే 0.4కి, 100 వేస్తే 0.31కి దిగుతుంది. మొదటి అంగుళమే ముప్పాతిక వంతు పని దాదాపుగా చేసేస్తుంది, నాలుగో అంగుళం చేసేది నామమాత్రం, ధర మాత్రం ప్రతి అంగుళానికీ ఒకటే. నివాస భవనాల్లో ఇంధన పొదుపు కోసం 2018లో కేంద్రం తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత కప్పుకు విధించిన గరిష్ఠ పరిమితి 1.2 కాబట్టి, నియమం వరకైతే 25 సరిపోతుంది. కానీ ఏసీ వాడే పడకగదుల మీద 50 వేయించడమే నాకు సబబుగా తోస్తుంది. 75 దాటి వెళ్లడం రోజంతా ఏసీ నడిచే కార్యాలయాలకు తగినదే తప్ప మన ఇళ్లకు కాదు. మిగిలిన డబ్బును పైన తెల్లని కూల్ టైల్స్‌కు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది, ఎందుకంటే వెనక్కి మళ్లిన ఎండను ఏ పొరా ఆపనక్కరలేదు.

వాటర్‌ప్రూఫింగ్‌కు పైన పలకలు పరిచే పద్ధతిలో, చవకగా దొరుకుతుందని మామూలు థర్మోకోల్ వాడకూడదు. అది క్రమంగా నీరు పీలుస్తుంది, తడిసిన పలక వేడిని ఆపలేదు. నీళ్ల ట్యాంకు బరువు పడే చోట పలక సాంద్రతను, నొక్కుడు బలాన్ని కంపెనీ ఇచ్చే పత్రంలో చూసుకోవాలి. (ఇటుక ముక్కలు, సున్నంతో వేసే పాత పద్ధతి గట్టిదే కానీ, నాలుగంగుళాల మందంలోనూ అది ఆపే వేడి అర అంగుళం ఎక్స్‌పీఎస్ కంటే తక్కువ; బరువంతా స్లాబుపై అదనం.)

మందం నిర్ణయించే ముందు మెట్ల గది గడప ఎత్తును కొలవడం చాలామంది మరచిపోతారు. 50 మిల్లీమీటర్ల పలక, దానిపై జాలీ పెట్టి వేసే కాంక్రీటు, టైల్స్ అన్నీ కలిసి నేలను నాలుగంగుళాలకు పైగా లేపుతాయి, నీటి వాలుకు మరికొంత కావాలి, పిట్టగోడ ఎత్తు ఆ మేరకు తగ్గుతుంది. గడప అంత ఎత్తు లేకపోతే వాన నీరు మెట్ల మీదుగా ఇంట్లోకి వస్తుంది కనుక, అక్కడ గడప లేపించడమా, లేక పలకను 25కే పరిమితం చేయడమా అన్నది మేస్త్రీతో పని మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి.