పైన కొట్టిందా? మన్యంలో నా మొదటి ఏడాది

మాది భీమవరం పక్క పల్లె. కొండ అంటే నాకు తెలిసింది ద్వారకా తిరుమల ఒక్కటే. అలాంటివాణ్ని పాడేరు అవతల ఒక మండల కేంద్రంలో బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరుగా వేశారు. ఆర్డరు చూసిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు. "మన్యం జ్వరం పట్టుకుంటే వదలదురా" అని ఒకటే గోల. ఆ భయం వట్టిదేం కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

విశాఖ నుంచి పాడేరు సుమారు 110 కిలోమీటర్లు. మా డెల్టా లెక్కలో రెండు గంటల ప్రయాణం. మాడుగుల దాటి ఘాట్ ఎక్కాక ఆ లెక్క చెల్లదు. మొదటిసారి కడుపునిండా ఇడ్లీలు తిని బస్సు వెనక సీట్లో కూర్చున్నాను. ఇంకేం చెప్పను! దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవరు ఆపి దండం పెట్టుకుంటే, నేను దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఇప్పుడు ముందు సీటు, ఖాళీ కడుపు, జేబులో నిమ్మకాయ.

నేను దిగింది ఆగస్టులో. ఆ నెలలో ఇక్కడ ఏదీ ఆరదు. బట్టలు నాలుగు రోజులు తీగ మీద ఉన్నా ముక్క వాసనే. ఉప్పు నీరుగారిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే మెత్తగా విరిగిపోతుంది. పక్కింటి అప్పమ్మ చూసి, "పొయ్యి మీద దండెం కట్టుకోండి బాబూ" అంది. బట్టలకి పొగ వాసన పట్టింది గానీ ఆరాయి.

కొత్తగా వచ్చేవాళ్ళకి ముందు చెప్పాల్సింది గెడ్డల గురించి. మనం వాగు అనేదాన్ని ఇక్కడ గెడ్డ అంటారు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం డ్వాక్రా సంఘం మీటింగుకి బైక్ మీద వెళ్తున్నాను. ఎండ చుర్రుమంటోంది. దారిలో గెడ్డ, దాని మీద ఒక అడుగు ఎత్తు కాజ్‌వే, పైన చీలమండ లోతు నీళ్ళు. పొద్దున అలాంటివే రెండు దాటాను కదా అని దింపాను. నడి మధ్యకి వచ్చేసరికి నీళ్ళ రంగు మారింది. టీ రంగు, దాని మీద ఎండుటాకులు, పుల్లలు. నాకు ఆ గుర్తు తెలీదు. సైలెన్సర్ మునిగి ఇంజన్ ఆగిపోయింది. అవతలి గట్టు మీద అడ్డాకుల మోపులు దించుకుని కూర్చున్న ఇద్దరు పరుగెత్తుకొచ్చి, ఒకరు బండినీ ఒకరు నన్నూ లాగారు. గట్టెక్కి ఊపిరి పీల్చుకునేలోపు మేమున్న చోట నడుము లోతు పారుతోంది.

"పైన కొట్టింది సారూ" అన్నాడు పెద్దాయన, కొండ వైపు చూపిస్తూ. వాళ్ళు దాటడం మానేసి గంట నుంచి అక్కడే కూర్చున్నారట. మనకి ఎండ కాస్తున్నా కొండ మీద వాన పడితే గెడ్డ దిగొస్తుంది. ఎంత వేగంగా వస్తుందో అంత వేగంగానూ తీస్తుంది, రెండు మూడు గంటలు ఓపిక పడితే చాలు. ఆ తర్వాత ఏ ఊరు బయల్దేరినా ముందు ఎదురొచ్చేవాళ్ళని "పైన కొట్టిందా?" అని అడుగుతాను. ఫోన్లో వాతావరణం చూడటం మానేశాను. చూద్దామన్నా సిగ్నల్ ఉంటేగా!

ఇక జ్వరం. అక్టోబరులో వచ్చింది. వణుకు, తర్వాత ఒళ్ళు కాలిపోవడం, చెమట పట్టి తేలికవడం. పారాసెటమాల్ వేసుకుని ఒక రోజు గడిపేశాను, అదే తప్పు. ఊళ్ళో ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. వేలి మీద చిన్న పోటు పొడిచి రక్తపు చుక్క వేస్తే, పావుగంట ఇరవై నిమిషాల్లో మలేరియా అవునో కాదో తేలిపోతుంది. నాది ఫాల్సీపారం. ముదిరితే మెదడుకెక్కే రకం అది. మాత్రలు మూడు రోజులు, మధ్యలో తగ్గిందని ఆపకూడదని ఆమె నా చేత ఒట్టు పెట్టించుకున్నంత పని చేసింది. అమ్మకి మాత్రం జలుబు అని చెప్పాను.

దోమతెర పరుపు కిందకి దోపుకుని మంచం మీదే పడుకోవాలి. ఇది దోమ కోసమే కాదు. కట్లపాము రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది, కరిచినా పెద్దగా నొప్పి తెలీదు. అనుమానం వస్తే నాటుమందుల జోలికి పోకుండా ఆసుపత్రికి పరుగెత్తడమే.

మిగతావి నెమ్మదిగా అలవాటయ్యాయి. సంత వారానికి ఒక్కరోజు. కూరగాయలైనా చెప్పులైనా ఆ రోజే కొనాలి, తప్పితే వారమంతా పప్పే. బ్యాంకులో జనం కూడా ఆ రోజే. నవంబరు నుంచి కాఫీ పళ్ళు కోస్తారు, పగలు ఊళ్ళో ఎవరూ దొరకరు. వాయిదాల మాట మాట్లాడాలంటే మంచు విడవకముందే వెళ్ళి, మంట చుట్టూ వాళ్ళతో పాటు చలి కాగాలి. "దగ్గరే సారూ, ఈ కొండ దాటితే" అంటే కనీసం గంటన్నర నడక అని లెక్కేసుకోండి.

లంబసింగి చలి చూసి వెళ్ళిన మా బాబాయి, "ఒక పది సెంట్లు కొని పడేయరా" అన్నాడు. ఇక్కడ 1/70 చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకి 1970లో చేసిన సవరణ అది. ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, భూమి గిరిజనేతరుల పేరు మీదకి మారదు, ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. స్టాంపు కాయితం మీద రాసిస్తామనే బ్రోకర్లు తగులుతారు, డబ్బు పోగొట్టుకోవద్దు. నాకైతే ఆ చట్టం సబబే అనిపిస్తుంది. అది లేకపోతే ఇప్పటికి ఈ కొండలన్నీ రిసార్టులయ్యేవి. బాబాయి మాత్రం ఇంకా నమ్మట్లేదు.

చైత్రంలో ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చే పోయే బండ్లని ఆపి డబ్బులడుగుతారు. తెలీక మొదటిరోజు విసుక్కున్నాను. మర్నాడు చిల్లర జేబులో వేసుకుని బయల్దేరి, అడిగిన ఇరవై ఇచ్చాను. సాయంత్రం తిరిగొస్తుంటే అదే కర్ర, అదే ముసలమ్మ.

"పొద్దున ఇచ్చాను కదమ్మా?"

"అది పోడానికి బాబూ. ఇది రాడానికి."

ఇంకో ఇరవై ఇచ్చాను.