క్యారవాన్‌లో తిరగండి, మురికి నీళ్లు మాత్రం మా వాగుల్లో వంకల్లో వదలొద్దు

ఈ మధ్య మా తిరుపతి చుట్టుపక్కల క్యారవాన్లు బాగానే కనపడతా ఉన్నాయి. కొన్ని బెంగళూరు, చెన్నై నుంచి అద్దెకి తీసుకొచ్చినవి, కొన్ని పాత టెంపో ట్రావెలర్ కొని లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, సింకు, చిన్న టాయిలెట్ పెట్టించుకున్నవి. మా అన్న దగ్గర కూడా అట్లాంటిదే ఒకటి ఉంది, మార్పులకి ఆర్టీవో ఆఫీసులో పర్మిషన్ తీసుకుని ఆర్సీలో ఎక్కించుకుని మరీ చేయించాడు, సెలవులొస్తే అన్నావదినలు, మేము, పిల్లలు అందరం దాంట్లోనే పోతాం. హోటల్ గదులు, ఏసీలు, రోజూ ఉతికే దుప్పట్లు ఏమీ లేవు కదా, ఇది పర్యావరణానికి మంచిదే కదా అని చాలామంది అడుగుతారు. నేను చెప్పేది ఒకటే, మంచిదో చెడ్డదో బండిని చూసి చెప్పలేం, అది ఎన్ని లీటర్ల డీజిల్ తాగింది, దాని కింద పైపులోంచి పోయిన నీళ్లు ఎక్కడికి పోయాయి, ఈ రెండు చూస్తే చాలు. వెదురు బ్రష్షులు, గుడ్డ సంచులు అన్నీ మంచివే, నేనూ వాడతాను, కానీ ఆ రెండిటి ముందు అవి చాలా చిన్న విషయాలు.

ముందు డీజిల్ సంగతి. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, బరువెక్కించిన ట్రావెలర్ లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. తిరుపతి నుంచి మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ పోయి రావాలంటే దాదాపు 300 కిలోమీటర్లు, అంటే 30 లీటర్లు, 80 కిలోల పొగ. బండిలో ఎనిమిది మంది ఉంటే మనిషికి పది కిలోలు, భార్యాభర్తలు ఇద్దరే పోతే మనిషికి నలభై. అందుకే మేము ఖాళీ సీటుతో బయలుదేరం, వదిన వాళ్ల అమ్మనో మా ఆడపడుచు పిల్లల్నో ఎవరో ఒకరిని ఎక్కించుకుంటాం. ఇంకోటి, ఒకే ట్రిప్పులో ఊటీ, కొడైకెనాల్, మున్నార్ అని రోజుకో ఊరు చుట్టేసే ప్లాన్లు మానేసి ఒకచోట నిలిపి ఆడే ఉండిపోవడం నేర్చుకోవాలి. క్యారవాన్ ఉండేదే దిగినచోట ఉండటానికి కదా, రోజంతా స్టీరింగ్ పట్టుకుని తిరగడానికైతే కారు చాలు.

నడిపే పద్ధతిలో కూడా చాలా ఉంది. వేగం రెట్టింపైతే గాలి ఎదురొత్తిడి నాలుగింతలు అవుతుంది, డబ్బాలాగా ఉండే ఈ బండ్లని హైవే మీద 90లో తోలితే ఇంజిన్ కష్టమంతా గాలిని తోయడానికే పోతుంది, అదే 65-70లో పోతే మైలేజీలో తేడా బంకు దగ్గర తెలిసిపోతుంది. టైర్లలో గాలి బయలుదేరేముందు చూడాలి, లోపలి సామాను బరువు తగ్గించాలి. ఒక లీటరు నీళ్లు ఒక కిలో, ఇంటి దగ్గరే 150 లీటర్ల ట్యాంకు నిండుగా పట్టుకుని భాకరాపేట ఘాట్ ఎక్కించడంలో అర్థం లేదు, దారికి కావలసినన్ని పట్టుకుని దిగే ఊర్లో అడిగి నింపుకోవచ్చు. కూరగాయలూ అంతే, మదనపల్లె దారిలో పోతా టమోటాలు తిరుపతి మార్కెట్ నుంచి మోసుకుపోవడం ఎందుకు చెప్పండి, ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి ఆడే ఉంది. బండి నిలిపి ఏసీ కోసం రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని పడుకునేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది, గంటకి ఒక లీటరుకి అటూ ఇటూగా తాగుతుంది, తెల్లారేసరికి కూర్చున్నచోటే 80 కిలోమీటర్ల డీజిల్ అయిపోతుంది, పక్కన గుడిసెలో పడుకున్న వాళ్లకి ఆ పొగ, ఆ మోత.

ఏసీ విషయం కొంచెం లెక్క వేసి చూపిస్తాను. అన్న బండి పైన ఒక్కోటి 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండున్నాయి. మన ఎండకి 100 వాట్ల ప్యానెల్ రోజుకి సుమారు 400 వాట్ అవర్లు ఇస్తుంది అనుకుంటే మొత్తం 1600. ఒక టన్ను ఏసీ గంటకి దాదాపు వెయ్యి లాగుతుంది, అంటే రోజంతా పట్టిన ఎండ గంటన్నరలో సఫా. అదే తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రి ఎనిమిది గంటలు తిరిగినా 240 మాత్రమే, బ్యాటరీతో నడిచే చిన్న డీసీ ఫ్రిజ్జుకి ఒక 500, లైట్లకి ఫోన్లకి ఇంకో వంద, అన్నీ పోగా ఇంకా మిగులుతుంది. కాబట్టి సోలార్ పెట్టించి దాంతో ఏసీ నడపాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఏసీకి బదులు కొండెక్కండి. ప్రతి వెయ్యి మీటర్లకి వేడి ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది, హార్స్‌లీ హిల్స్ 4,000 అడుగుల పైనే ఉంది, మే నెలలో కింద ఉడికిపోతా ఉంటే ఆడ రాత్రి దుప్పటి కప్పుకుంటాం. బండి పైకప్పుకి తెల్ల కూల్ పెయింట్ వేయించడం, కిటికీలకి బయటి వైపు వట్టివేళ్ల తడికె కట్టుకోవడం, ఇవి చాలా పనిచేస్తాయి. ఒక చిక్కు ఉంది, చింతచెట్టు నీడలో బండి పెడితే లోపల చల్లగా ఉంటుంది కానీ ప్యానెల్‌కి ఎండ తగలదు. దానికి అన్న మడతపెట్టే ప్యానెల్ ఒకటి పొడుగు వైరుతో తెచ్చాడు, బండి నీడలో, ప్యానెల్ ఎండలో. బ్యాటరీ కొనేటప్పుడు కూడా చూసుకోండి, లెడ్ బ్యాటరీ సగం కంటే కిందికి దించితే తొందరగా చచ్చిపోతుంది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 80-90 శాతం దాకా వాడుకోవచ్చు, చాలా ఏళ్లు వస్తుంది, ధర జాస్తి అయినా పదేపదే మార్చే పని ఉండదు. పాత లెడ్ బ్యాటరీని మాత్రం పాత ఇనుప సామాను వాళ్లకి వేయకండి, కొత్తది కొన్న షాపులోనే ఎక్స్చేంజికి ఇవ్వండి, పెరట్లో కరిగించే సీసం పిల్లల రక్తంలోకి పోతుంది.

ఇప్పుడు నీళ్లు. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, ఇది చెప్పాలనే ఈ పోస్టు మొదలుపెట్టాను.

తలకోన పోవాలంటే మేము చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట దాటి నెరబైలు వైపు పోతాం. ఆ దారిలోనే కళ్యాణి డ్యాం ఉంది, తిరుపతి వాళ్లం తాగే నీళ్లలో దాని వాటా ఉంది. ఆ కొండల్లో ఏ వంకలో ఏది వదిలినా ఏదో ఒక చెరువుకో కుంటకో డ్యాంకో చేరుతుంది, వెయ్యి అడుగులు బోరు వేసినా నీళ్లు పడని పల్లెలున్న జిల్లాలు ఇవి, ఆ చెరువులో ఉండే నాలుగు నీళ్లే ఆవులకి, మేకలకి, కొన్నిచోట్ల మనుషులకి. పోయిన చలికాలంలో ఆ దారిలో టీ కోసం ఆగినప్పుడు చూశాను, ఒక పెద్ద క్యారవాన్ వంక ఒడ్డునే నిలిపున్నారు, లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్నట్టున్నారు, బండి కింద బొటనవేలంత తెల్ల పైపు, దాంట్లోంచి నురగనీళ్లు సన్నగా కారతా ఉన్నాయి, దాంట్లో నాలుగు మెతుకులు, ఒక కరివేపాకు, పైన నూనె పొర రంగులు తేలుతా రాళ్ల మధ్య నుంచి వంకలోకి దిగుతా ఉంది. పది గజాల కింద రెండు బర్రెలు మూతి పెట్టి తాగుతున్నాయి. మా ఆయన పోయి "అన్నా, కొంచెం ఆ పైపు మూసేయరా, కింద పశువులు తాగుతున్నాయి" అని మర్యాదగానే చెప్పాడు, పాపం వాళ్లు వెంటనే మూశారు, వాళ్లకి ఆ నీళ్లు ఎటు పోతాయో ఆలోచనే రాలేదంట. అద్దెకిచ్చేవాళ్లు కూడా చెప్పి ఉండరు.

సింకు, స్నానం నీళ్లకి బండి కింద వేరే ట్యాంకు ఉండాలి, దానికి వాల్వు ఉండాలి, అద్దెకి తీసుకునేటప్పుడు వంగి కింద చూసి మరీ అడగండి, పైపు నేరుగా రోడ్డు మీదికే ఉంటే ఆ బండి తీసుకోకండి. అసలు మురికి నీళ్లు తక్కువ అయ్యేలా చూసుకోవాలి. షవర్ నిమిషానికి ఎనిమిది పది లీటర్లు పోస్తుంది, చెంబు బకెట్టుతో ఒక మనిషి మొత్తం స్నానం ఆ పది లీటర్లలో అయిపోతుంది, మా అత్తమ్మ ఇంకా తక్కువలో కానిస్తుంది. తినడానికి అరిటాకులు, విస్తరాకులు పెట్టుకుంటే కడిగేవి సగం తగ్గుతాయి, ఆ ఆకులు ఆవులకో ఎరువు గుంటకో పోతాయి. సంగటి గిన్నె మాత్రం నానబెట్టక తప్పదు, ఆ నీళ్లలో సబ్బు లేదు కాబట్టి అవి చెట్టుకి పోయొచ్చు. నూనె గిన్నెల్ని ముందు పాత పేపరుతో తుడిచేసి, బూడిద, కొబ్బరి పీచుతో రుద్దితే సబ్బు చాలా కొంచెం చాలు. మిగిలిన నీళ్లని పాత పంచె గుడ్డలో వడకట్టి, మెతుకులు తీసేసి, వంకకి కనీసం 200 అడుగుల దూరంలో మట్టి నేల మీద ఒకేచోట కాకుండా చల్లాలి, మట్టే దాన్ని అరిగించుకుంటుంది. అడవిలో నిలిపితే ఆ చల్లడం కూడా వద్దు, ట్యాంకులోనే పెట్టుకుని ఇంటికి తెచ్చేయాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కుంకుడుకాయ అయితే సహజమే కదా, వాగులో కూర్చుని తల రుద్దుకోవచ్చు అనుకుంటారు చాలామంది. కుంకుడు నురగ ఇచ్చే పదార్థమే చేపల మొప్పలకి విషం. మన తలకి మంచిది కావచ్చు, మడుగులో చిన్న చేపలకి కాదు. తలకోన గుండంలో దిగితే ఊరికే మునిగి రండి, షాంపూ అయినా కుంకుడు అయినా బకెట్టుతో దూరంగా.

టాయిలెట్ సంగతి ఎవరూ మాట్లాడరు గాని మాట్లాడాలి. చాలా బండ్లలో ఇరవై లీటర్ల డబ్బా ఉంటుంది, వాసన రాకుండా నీలం మందు పోస్తారు. ఆ మందుల్లో కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అది క్రిముల్ని చంపుతుంది, అదే దాని పని, కానీ సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే మంచి క్రిముల్ని కూడా చంపేస్తుంది. కొనేటప్పుడు డబ్బా వెనక చదివి అది లేనిదే తీసుకోండి. మా అన్న అది తీసేసి పొడి టాయిలెట్ పెట్టించాడు, మూత్రం ఒక క్యానులోకి, మలం కొబ్బరి పొట్టు పోసిన బకెట్టులోకి వేరువేరుగా పోతాయి, రెండూ కలవకపోతే వాసన చాలావరకు ఉండదు. మొదట వదిన ససేమిరా అంది, "ఏందయ్యా ఈ ఖర్మ, ఇంట్లో లేనిది బండిలో ఎందుకు" అని, ఇప్పుడు ఆమే పొట్టు సంచి మర్చిపోకుండా ఎక్కిస్తుంది. మూత్రానికి పది రెట్లు నీళ్లు కలిపి మా మామిడి తోపులో పోస్తాం, బకెట్టుది తోపులోనే మూత ఉన్న గుంటలో ఏడాది పైన మగ్గనిస్తాం. తోపు లేనివాళ్లు సెప్టిక్ ట్యాంకు ఉన్న టాయిలెట్‌లో అడిగి పోయాలి, చీకట్లో కాలవలో కాదు.

శేషాచలం కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయ్యాయి, ఎర్రచందనమే కాదు, దేవాంగపిల్లి ఉంది, రాళ్ల సందుల్లో బంగారు బల్లి ఉంది, తలకోనలో చెట్ల పైన బెట్టుడుతలు దూకుతా ఉంటాయి. రాత్రి బండి చుట్టూ రంగు లైట్ల తోరణాలు, స్పీకరు పెట్టే అలవాటు ఆ చోట్ల వద్దు. ఫిబ్రవరి నుంచి గడ్డి ఎండిపోయి ఉంటుంది, క్యాంప్ ఫైర్ అసలు ఆలోచనే వద్దు, వంట గ్యాస్ మీదే, పప్పు ముందే నానబెట్టి కుక్కర్లో పెడితే గ్యాస్ కూడా ఆదా. మిగిలిన అన్నం కోతులకి పెట్టడం పుణ్యం అనుకోకండి, చెత్త తినడానికి కుక్కలు, పందులు వస్తాయి, వాటి వెనక చిరుత వస్తుంది. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి పక్క రోడ్ల మీద రాత్రి నిలపనే వద్దు, మామిడిపళ్లు, బెల్లం వాసన ఏనుగులకి చాలా దూరం పోతుంది.

తిరుమలకి కూడా క్యారవాన్ తీసుకుపోవాలని పట్టుపట్టేవాళ్లున్నారు. బండి కింద తిరుపతిలోనే పెట్టి ఆర్టీసీ బస్సులో పొండి, 2022 నుంచి ఆ ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, పొగ లేదు, మోత లేదు, దిగేటప్పుడు బ్రేకు వేసిన శక్తి మళ్లీ బ్యాటరీలోకే పోతుంది. ఓపిక ఉంటే అలిపిరి మెట్లు ఉండనే ఉన్నాయి.

ఇంగ్లండు, జర్మనీ లాంటి చోట్ల క్యారవాన్లు ఆగే దాదాపు ప్రతి క్యాంపు సైటులో బండి మురికి నీళ్లు, టాయిలెట్ డబ్బా ఖాళీ చేసే చోటు ఒకటి కట్టి ఉంటుంది. మన దగ్గర బండ్లు వచ్చేశాయి, ఆ చోట్లు రాలేదు, అదే నా బాధ. పెద్ద ఖర్చు కూడా కాదు, వాలుగా పోసిన ఒక సిమెంటు గచ్చు, మధ్యలో మూత ఉన్న నాలుగంగుళాల పైపు, అది ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి, కడుక్కోవడానికి ఒక కొళాయి, రాత్రి కనపడేలా ఒక బోర్డు. అలిపిరి దగ్గర ఒకటి, తలకోనలో ఒకటి, హార్స్‌లీ హిల్స్‌లో ఒకటి, హైవే మీద పెద్ద బంకుల్లో ఒకటి రెండు ఉంటే చాలు, యాభై రూపాయలు తీసుకున్నా ఎవరూ కాదనరు. మా అన్నా నేనూ ఈ కొలతలు, ఒక బొమ్మ కాగితం మీద వేసి టూరిజం ఆఫీసులో ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం, బండి ఉన్నవాళ్లు మీ మీ ఊర్లలో కూడా ఇట్లాంటిదే ఒకటి రాసి ఇవ్వండి.