తిరగబడ్డ ఫొటో
నిన్న ఒడిశా రాయగడలో ఉత్సవానికి వెళ్లింది నిజానికి మిర్చి బజ్జీల కోసం. పక్క గుడారంలో ఎవరో విదేశీ ఫొటోగ్రాఫర్ నియమగిరి కొండల్లో తీసిన ఫొటోలు పెట్టారు. ఆ కొండల్లోని డోంగ్రియా ఆదివాసీ అవ్వ ఒకావిడ ఒక ఫొటో ముందే నిలబడిపోయింది. భుజాన వాళ్లు చేత్తో కుట్టే కపడగండ శాలువా, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకు అనే ముద్ర) వచ్చిందే, అదే. తన భాష కువిలో ఏదో అంటే మనవడు ఒడియాలో చెప్పాడు, నేను మా ఆయనకి తెలుగులో: "కొంగు అటు కాదు, ఇటు. బొమ్మ తిరగేశారు."

చూస్తే నిజమే! వెనకాల బోర్డు మీద ఒడియా అక్షరాలు కూడా అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. చదవడం వచ్చిన నాకే కనపడలేదు.

టొరంటోలో ఇమాజిన్‌నేటివ్ అని, ఆదివాసులే తీసిన సినిమాలకి 2000 నుంచీ ఒక పండుగ నడుస్తోంది. ఇక్కడ మాత్రం ఫొటో కింద అవ్వ ఊరి పేరు కూడా రాయలేదు. మనవడు అప్పటికే అవ్వని ఫొటో పక్కన నిలబెట్టి ఫోన్లో వీడియో తీస్తున్నాడు, "మళ్లీ చెప్పు" అంటూ.

బజ్జీలు చల్లారిపోయాయి.